చక్రాల యింటిలో మరుగుదొడ్డి

అమెరికా దేశమున ట్రావెల్ ట్రైలరు అను ఒక విధమైన బండి గలదు. అది మోటారు కారు వెనుక తగిలించి లాగుకొని పోవు చిన్న యిల్లు. దానికి స్వంత యింజను ఉండదు. లోపల పడక, పొయ్యి, భోజనపు బల్ల, నీళ్ల తొట్టి, ఒక మూలను మరుగుదొడ్డి, ఇవన్నియు ఒక లారీ పట్టునంత చోటులో ఇమిడియుండును. 1930 తరువాత ఈ బండ్ల నిర్మాణము ఆ దేశమున ఒక పరిశ్రమగా పెరిగినది. వాలీ బయమ్ అనునాయన స్థాపించిన ఎయిర్‌స్ట్రీమ్ సంస్థవారు అల్యూమినియపు రేకుతో, విమానపు పొట్ట వలె గుండ్రముగా చేసిన బండ్లు ఇప్పటికిని అచ్చటి రోడ్లపై కనిపించుచున్నవి. 1959లో బయమ్ అట్టి బండ్లను బారులు తీర్చి ఆఫ్రికా ఖండమున కేప్‌టౌను నుండి కైరో నగరము దాక నడిపించెను. అరువది యేండ్లు గడచిన యిట్టి బండ్లను వెదకి కొని, బాగుచేసికొని, సెలవు దినములలో తిరుగుట నేడు అచ్చట అనేకులకు వేడుక.

కొన్నవారు మొదట గోడల రంగులు, కిటికీల తెరలు, దిండ్ల గలీబులు చూచుకొందురు. మరుగుదొడ్డి వంతు చివరకు వచ్చును. ఇది తలక్రిందులైన వరుస అని నా నమ్మకము. దుర్గంధమును ఎవరైనను పసికట్టుదురు. దానివలన బండికి వచ్చు హాని స్వల్పము. కమోడు మొదట చుక్కచుక్కగా కారి నేలలోనికి ఇంకిపోవు నీరు మాత్రము ఎవరికిని కనబడకుండ ఏండ్ల తరబడి పనిచేయుచు, తుదకు బండినే పాడుచేయును.

నేను ఉద్యోగములో ఉన్నంత కాలము మంచినీటి గొట్టములతో కాలక్షేపము చేసినవాడను. 2019 వేసవిలో మా అమ్మాయిని చూచుటకు మిషిగన్ రాష్ట్రమునకు పోయినప్పుడు, మా అల్లుడుగారు 1971వ సంవత్సరపు బండి నొకదానిని కొని పెరటిలో నిలిపియుంచిరి. తలుపు తీయగనే మురుగు వాసన ముఖమునకు కొట్టినది. వారు అప్పటికే మూడు రకముల సుగంధ ద్రవములు తెచ్చి కమోడులో పోసి చూచిరట. నేను చొక్కా చేతులు మడచుచుండగా అల్లుడుగారికి కాలు నిలువలేదు.

"మామగారూ, మీరు కుర్చీలో కూర్చోండి. ఆ పని మీచేత చేయిస్తే మీ అమ్మాయి నన్ను బ్రతకనివ్వదు."

"కమోడు సంగతి మీరే చూడండి బాబూ. నన్ను నేల ఒక్కటీ చూడనివ్వండి," అంటిని.

స్క్రూడ్రైవరు తీసికొని కమోడు చుట్టును నేలను నొక్కి చూచితిని. ముందు వైపున గట్టిగా ఉన్నది. వెనుక వైపున, గోడకు జానెడు దూరములో, మొన వెన్నలోనికి వలె దిగిపోయినది.

ఈ బండ్ల నేల ఇనుప చట్రముపై పరచిన ప్లైవుడ్ పలక. దాని క్రింద చలి రాకుండ గాజునూలు పరచి, ఆ క్రింద పలుచని రేకు బిగింతురు. పైనుండి కారిన నీరు ప్లైవుడ్ లోనికి ఇంకి, గాజునూలులో నిలిచి, రేకు అడ్డముండుటచే క్రిందికి పోలేక అచ్చటనే ఉండును. నేల క్రిందనుండి ఆరదు, పైన పరచిన లినోలియము పైనుండి ఆరనీయదు. చాల బండ్లలో మరుగుదొడ్డి వెనుక కొనను ఉండును. అల్యూమినియపు గుల్ల గల బండ్లలో ఆ గుల్ల అంచును చట్రముతో కలిపి పట్టియుంచునది ఈ నేలయే. కావున అచ్చట ప్లైవుడ్ కుళ్లినచో బండి వెనుక భాగము చట్రమునుండి విడివడుటకు మొదలిడును. వెనుక బంపరుపై ఒక మనిషి నిలిచి ఊగినప్పుడు చట్రము క్రిందికి దిగి గుల్ల కదలకుండ ఉన్నచో, ఆ వ్యాధి ముదిరినదని గ్రహింపవలెను. పాత బండిని బేరమాడువారు ఈ పరీక్ష చేయకుండ రొక్కము చెల్లింపరాదు. కుళ్లునకు కారణము ఎల్లప్పుడును మరుగుదొడ్డియే అని అనను. వెనుక కిటికీ సందులనుండి దిగు వాననీరును అంతపని చేయగలదు. రెండును చూడవలసినదే.

ఈ కమోడు మన యిండ్లలోని దాని వంటిది కాదు. ఇంటి కమోడు క్రింద ఎస్ అక్షరము వంటి వంపులో నీరు నిలిచి మురుగు వాయువును అడ్డగించును. ఆ వంపును కడిగి నింపుటకు చాల నీరు కావలెను. అమెరికాలో 1994 నుండి క్రొత్త యిండ్ల కమోడులకు పర్యాయమునకు 6 లీటర్లు మించరాదని నియమము వచ్చినది. అంతకు పూర్వపువి అంతకు రెండు మూడు రెట్లు నీరు త్రాగెడివి. బండిలో మోసుకొనిపోవు కొద్దిపాటి నీటితో అది సాధ్యము కాదు. 1950 ప్రాంతపు బండ్లలో అనేకములకు మలమును నిలువచేయు టాంకు కూడ లేదు. గొట్టము బండి క్రిందికి తిన్నగా దిగెడిది. విడిదిలో మురుగు కాలువ ఉన్న దానికి కలిపెడివారు, లేనిచో బాల్చీ పెట్టెడివారు. మన రైలు పెట్టెలలో ఎంతోకాలము మరుగుదొడ్డి తిన్నగా పట్టాల మీదికే తెరచుకొనియుండెను గదా! రైల్వేవారు రక్షణ పరిశోధన సంస్థతో కలిసి రూపొందించిన జీవ మరుగుదొడ్లను 2010 తరువాతి పదేండ్లలో పెట్టెలకు అమర్చుకొనుచు వచ్చిరి. ట్రైలరు బండ్లలో ఆ మార్పు 1960 తరువాత టాంకుల రూపమున వచ్చినది. 1963లో మిషిగన్ రాష్ట్రములోని ఆన్ ఆర్బర్ పట్టణమున మొదలైన థెట్‌ఫోర్డ్ సంస్థవారి కమోడులు పాత బండ్లలో తరచుగా కానవచ్చును.

దీని పని మిక్కిలి సులభము. కమోడు బేసిను అడుగున ఒక రంధ్రము, దానిని మూయుచు ఒక అర్ధగోళమో, జారుడు పలకయో ఉండును. కాలితో పెడలు నొక్కినప్పుడు అది తొలగి, మలము తిన్నగా క్రింది టాంకులో పడును. అదే పెడలు ఒక చిన్న నీటి వాల్వును తెరచి బేసినును కడుగును. పెడలు విడువగనే రంధ్రము మూతపడి, దానిపై రెండు వ్రేళ్ల ఎత్తు నీరు నిలువవలెను. ఇంటిలో ఎస్ వంపు చేయు పనిని ఇచ్చట ఆ రెండు వ్రేళ్ల నీరు చేయును. ఆ నీటిని పట్టియుంచునది ఒక రబ్బరు వలయము. వాసన వచ్చుచున్నదని ద్రవములు కొనుటకు ముందు, రాత్రి బేసినులో నీరు నిలిపి, తెల్లవారి చూడవలెను. నీరు లేకున్నచో ఆ రబ్బరును తప్పుపట్టవలెను.

తప్పు పట్టినంత మాత్రమున దానిని మార్చనక్కరలేదు. గట్టి నీటిలోని సున్నము, కాగితపు నలుసులు వలయపు గాడిలో చేరి మూత సరిగా పడకుండ చేయును. నీటి సరఫరా కట్టి, చేతులకు రబ్బరు తొడుగులు వేసికొని, పెడలు నొక్కిపట్టి, వెనిగరులో ముంచిన పాత పండ్లకుంచెతో ఆ గాడిని చుట్టును రుద్దినచో నూటికి సగము బండ్లలో రోగము కుదురును. పిమ్మట సిలికాను గ్రీజు కొంచెము పూయవలెను. ఇంటిలో దొరకును గదా అని వాజలైనుగాని, యంత్రములకు వేయు నూనెగాని పూయరాదు. పెట్రోలియపు జిడ్డు తగిలిన రబ్బరు ఉబ్బి, మెత్తబడి, ఆరు నెలలలో పనికిరాకుండ పోవచ్చును. అంతట "కొత్త రబ్బరు వేసినా నిలవడంలేదు" అను ఫిర్యాదు వచ్చును.

నేలపై కారు నీరు ఎచ్చటనుండి వచ్చుచున్నదో కనుగొనుటకు వంటయింటిలోని మిఠాయి రంగు చాలును. బేసినులో నీరు నింపి రంగు కలిపి, కమోడు పాదము చుట్టును తెల్ల కాగితము పరచి, పెడలు నొక్కి చూడవలెను. కాగితము రంగు తేలినచో కమోడునకును నేలలోని ఫ్లాంజికిని నడుమనున్న సీలు చెడినది. తడి తేలి రంగు లేకున్నచో అది శుభ్రమైన నీరు, అనగా వెనుకనున్న నీటి వాల్వు కారుచున్నది. ఎల్లవేళల కారిన వాల్వు, పెడలు నొక్కినప్పుడు మాత్రమే కారినచో దానిపైనున్న చిన్న ప్లాస్టిక్ టోపీ వంటి భాగము. మా అల్లుడుగారి బండిలో లడ్డూకు వేయు పసుపు రంగు వాడితిమి. కాగితముపై రంగు తేలినది, దాని ప్రక్కనే రంగులేని తడియు తేలినది. రెండు జబ్బులు!

ఆ ప్లాస్టిక్ టోపీని గురించి కొంత విపులముగా చెప్పవలసియున్నది. దానిని వాక్యూము బ్రేకరు అందురు. గొట్టములో నీటి ఒత్తిడి హఠాత్తుగా పడిపోయినప్పుడు గొట్టము వెనుకకు పీల్చును. అప్పుడు బేసినులోని మురికి నీరు, త్రాగు నీటి గొట్టములోనికి పోకుండ, ఆ టోపీ గాలిని లోపలికి వదలి పీల్పును తెంపివేయును. మా బండిలో దీనికి ముందటి యజమాని ఎవరో, ఇది కారుచున్నదను విసుగుతో, దానిని పెరికివేసి ఆ చోట రబ్బరు గొట్టపు ముక్క తొడిగియుండిరి. ఆ గొట్టమే వంట సింకునకును నీరు తెచ్చునది! గొట్టపు ముక్కను చూచినప్పుడు నాకు మన పట్టణములు జ్ఞప్తికి వచ్చినవి. రోజుకు గంటయో రెండు గంటలో నీరు వదలి కట్టివేయు ఊళ్లలో, కట్టిన తరువాత గొట్టములు పీల్చును. వీధి కాలువలో మునిగిన గొట్టమునకు సూదిమొన పగులు ఉన్నను మురుగు దానిలో చేరును. టైఫాయిడును, పచ్చకామెర్లును, వాంతి భేదులును ఆ దారినే యిండ్లలోనికి వచ్చుట నేను ఉద్యోగములో ఎన్నియో సార్లు చూచితిని. ఆ భాగము వెల బండి మొత్తములో లెక్కకు రాదు. మరుగుదొడ్డిలో ఏ మరమ్మతు వాయిదా వేసినను వేయవచ్చును గాని, దానిని మాత్రము తీసివేసి పని గడుపరాదు. అల్లుడుగారు ఆ సాయంకాలమే పోయి క్రొత్తది తెచ్చిరి.

సీలు మార్చుటకు కమోడును ఊడదీయక తప్పదు. ముందుగా టాంకును ఖాళీచేసి రెండు మూడు మార్లు నీటితో కడుగవలెను. నీటి సరఫరా కట్టి, పెడలు నొక్కి గొట్టములోని ఒత్తిడి వదలవలెను. పాదమున రెండు బోల్టులు ఉండును, అవి ఏబది యేండ్ల త్రుప్పుతో బిగుసుకొనియుండును. బలవంతముగా త్రిప్పినచో బోల్టు తెగుటకు బదులు ప్లాస్టిక్ ఫ్లాంజి పగులును. త్రుప్పు వదలించు నూనె వేసి ఒక రాత్రి ఆగుట మేలు. కమోడు లేచిన మరుక్షణము క్రింది రంధ్రములో గుడ్డ కుక్కవలెను. దుర్గంధమునకే కాదు, పరికరములు పడకుండ కూడ. నేను గుడ్డ తెచ్చుటకు అటు తిరుగునంతలో అల్లుడుగారి చేతిలోని నట్టు టప్పున టాంకులో పడినది. ఇద్దరమును కొంతసేపు మాటలాడలేదు.

కుళ్లిన ప్లైవుడ్ పై పొరకే పరిమితమైనచో ఆరబెట్టి, పలుచని ఎపాక్సీ పోసి గట్టిపరచవచ్చును. మొన లోతుగా దిగినచో ఆ ముక్కను కోసి తీసివేయవలసినదే. మాకు తలగడంత ముక్క పోయినది. తడి గాజునూలును బయటికి లాగి, ఇనుప చట్రమునకు త్రుప్పు గీకి రంగువేసి, వారము రోజులు ఆరనిచ్చితిమి. ఈ ఆరబెట్టుటలోనే అందరును తొందరపడుదురు. తడిపై క్రొత్త పలక బిగించిన, దానికిని పాతదాని గతియే. క్రొత్త పలక పడవలకు వాడు ప్లైవుడ్ అయిన మంచిది. దాని కోత అంచులకు, మరల కుట్టు రంధ్రములకు కూడ ఎపాక్సీ పూయవలెను, నీరు ప్రవేశించునది ముఖ్యముగా ఆ అంచులనుండియే.

నేల ఎత్తు మారినచో ఫ్లాంజి ఎత్తును చూచుకొనవలెను. ఫ్లాంజి ఎత్తైనచో కమోడు ఊగును, పల్లమైనచో సీలు నొక్కుకొనదు. ఇంటి కమోడుల క్రింద పెట్టు మైనపు వలయమును ఇచ్చట నేను వాడను. ఎండలో మూసియుంచిన బండి పొయ్యి వలె కాగును, రోడ్డుపై నిత్యము అదురును. మైనము ఒకసారి జారిన తిరిగి లేవదు, రబ్బరు లేచును. బోల్టులను ఒక్కొక్కటి కొంచెము కొంచెముగా, ఇరువైపుల సమముగా బిగింపవలెను. కమోడు కదలకుండ నిలిచినంత బిగువు చాలును.

పాత కమోడునే బాగుచేయవలెనా, క్రొత్తది పెట్టవలెనా అని అడుగువారు కలరు. రబ్బరులు, వాల్వులు దొరకినంత కాలము పాతదానినే ఉంచుట నాకు ఇష్టము. బేసిను అడుగు పగిలినను, మూత త్రిప్పు పళ్ల చక్రము అరిగి అది దొరకకున్నను, క్రొత్తది కొనుటకు సంకోచింపరాదు. కొనుటకు ముందు ఫ్లాంజి నడిమి బిందువునుండి వెనుక గోడకు గల దూరమును, పీఠపు ఎత్తును కొలుచుకొని పోవలెను. కొన్ని పాత బండ్లలో టాంకు నేలపైననే ఉండి, కమోడు దాని నెత్తిన మెట్టుపై కూర్చొనియుండును. అచ్చట ఎత్తు కమోడు కొన్నచో కూర్చున్నవాని కాళ్లు వ్రేలాడును.

వాసన రబ్బరు బాగైన తరువాతను పోకున్నచో కప్పు ఎక్కి చూడవలెను. టాంకులోని వాయువు బయటికి పోవుటకు ఒక గొట్టము కప్పు దాటి లేచియుండును. దానిలో కందిరీగలు గూడు కట్టుట సామాన్యము. కొన్ని బండ్లలో గొట్టము క్రిందికి జారి టాంకులోని ద్రవమున మునుగును, అప్పుడు వాయువునకు దారి కమోడే. మరుగుదొడ్డి కప్పుకు గల విసనకర్రను త్రిప్పుచు పెడలు నొక్కినను అంతే, టాంకులోని గాలిని ఇంటిలోనికి తోడుకొన్నట్లగును. పెడలు నొక్కునంత సేపు విసనకర్ర ఆపిన చాలును.

ఇక టాంకు సంగతి. మొదటిసారి బండి కొన్నవారు, విడిదిలో మురుగు కాలువకు గొట్టము కలిపి, టాంకు వాల్వును రేయింబవళ్లు తెరచియుంచుదురు. ద్రవమంతయు కారిపోయి, ఘనపదార్థము కమోడు క్రిందనే కుప్పవడి, ఎండి రాయియగును. వాల్వు మూసియుంచి, మూడింట రెండు వంతులు నిండిన తరువాత ఒక్క ఊపున వదలవలెను. ఆ వేగమే లోపల కడుగును. ఖాళీచేసిన వెంటనే ఒకటి రెండు బాల్చీల నీరు తిరిగి పోయవలెను. నీటిని పొదుపు చేయు గృహిణి బుద్ధి ఇచ్చట పనికిరాదు. స్నానపు నీటి టాంకును తరువాత వదలినచో ఆ నీరే గొట్టమును కడుగును. ఏ కాగితము వాడవచ్చునో తెలియుటకు గాజు సీసాలో నీరు పోసి ఒక ముక్క వేసి ఆడింపవలెను. ముక్కలై విడిపోయినచో మంచిది, గుడ్డ వలె నిలిచినచో కూడదు.

దుర్గంధహరములుగా అమ్ము మందులలో ఫార్మాల్డిహైడు గలవి ఉండినవి. కాన్సరు పరిశోధనకై ప్రపంచ ఆరోగ్య సంస్థ క్రింద నున్న సంస్థ 2004లో ఆ ద్రవ్యమును మనుష్యులకు కాన్సరు కలిగించువానిలో చేర్చినది. అదియును గాక అది విడిది వారి సెప్టిక్ టాంకులోని మేలుచేయు సూక్ష్మజీవులను చంపును. బ్లీచింగు ద్రవము సీలు రబ్బరును గట్టిపరచి పగులగొట్టును, ఆమ్లముతో కలిసిన విషవాయువు పుట్టును. వెనిగరుతో కడిగిన పూట అది అసలే కూడదు. నీరు సమృద్ధిగా ఉన్న టాంకునకు మందు అక్కర అంతగా ఉండదు.

ఆ దేశమున టాంకు వదలుట యజమాని పని.  మా అల్లుడుగారు పెద్ద ఉద్యోగము చేయువారైనను తొడుగులు వేసికొని, వంగి గొట్టము తగిలించి, వదలి, కడిగి వచ్చిరి. మన దేశమున 1993లోను, 2013లోను చట్టములు చేసియు, సెప్టిక్ టాంకులలో దిగి ఊపిరాడక పోయినవారి వార్తలు ఇంకను పత్రికలలో వచ్చుచునే యున్నవి. మనము వాడినది ఎచ్చటికి పోవునో వంగి చూచు అవసరము మనలో అనేకులకు కలుగలేదు. ట్రైలరు టాంకు చిన్నదైనను దానిలో పుట్టునది అదే వాయువు. రంధ్రముపై ముఖము పెట్టి చూడరాదు, దగ్గర నిప్పు వెలిగింపరాదు, విద్యుద్దీపముతో దూరమునుండి చూడవలెను.

మిషిగన్ చలికి గొట్టములోని నీరు గడ్డకట్టి వాల్వును పగులగొట్టును. శరత్కాలము దాటకముందే నీరంతయు వదలి, గొట్టములలోను, బేసినులోను, కొంత టాంకులోను ఎర్రగులాబి రంగుతో అమ్ము ప్రొపిలీన్ గ్లైకాలు ద్రవమును పోయుదురు. కారు ఇంజనులో పోయు ఎథిలీన్ గ్లైకాలు విషము, త్రాగు నీటి గొట్టముల దరికి దానిని రానీయరాదు. బేసినులో ఆ ద్రవము నిలిచినచో రబ్బరు కూడ చలికాలమంతయు ఎండకుండ ఉండును.

మరుసటి యేట అమ్మాయి టెలిఫోనులో చెప్పినది. బండి హ్యూరాను సరస్సు దాక పోయి వచ్చినదట. నేల గట్టిగా ఉన్నదట, తెల్లవారి చూచిన బేసినులో నీరు నిలిచియే యున్నదట. నట్టు మాత్రము ఇంకను బయటికి రాలేదు. టాంకు ఖాళీగా ఉన్న రోజున బండి మలుపు తిరిగినప్పుడు లోపల గలగల చప్పుడు వినబడుననియు, అది మామగారి నట్టు అని అల్లుడుగారు స్నేహితులకు చెప్పుచున్నారనియు తెలిసినది. పడవేసినది వారే!